హైకోర్టు జడ్జి పోస్టుకు దరఖాస్తు ఉండదు

మా ఎదురింటి పాప తిరుపతి మహిళా యూనివర్సిటీలో ఎల్‌ఎల్‌బీ రెండో ఏడాది చదువుతోంది. పోయిన ఆదివారం వాళ్లమ్మను వెంటబెట్టుకుని వచ్చి, "పెదనాన్నా, హైకోర్టు జడ్జి కావాలంటే ఏ పరీక్ష రాయాలి?" అని అడిగింది. తిరుపతి బైరాగిపట్టెడలో ఇన్నేళ్లుగా ఉంటున్నాను. ఇంజనీరింగ్ సీటు గురించి, అమెరికా గురించి మాట్లాడేవాళ్లే తప్ప ఈ మాట అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. నాకు చాలా సంతోషం వేసింది. రెండు గంటలు కూర్చోబెట్టి చెప్పాను. ఇంకో ఇంట్లోనూ ఇలాంటి పిల్లలుంటే పనికొస్తుందని అదే ఇక్కడ రాస్తున్నాను.

నేను జడ్జిని కాదు, వకీలునూ కాదు. కోర్టు స్టెనోగ్రాఫర్‌గా పని చేశాను. 1986లో పుత్తూరు మున్సిఫ్ కోర్టులో చేరి, శ్రీకాళహస్తి, చిత్తూరు, తిరుపతి కోర్టులన్నీ తిరిగి 2021లో రిటైరయ్యాను. 35 ఏళ్లు డయాస్ కింద కూర్చుని డిక్టేషన్ రాసుకున్నాను. నేను డిక్టేషన్ తీసుకున్న ఆఫీసర్లలో ఒకరు హైకోర్టు దాకా వెళ్లారు. వెళ్లాల్సినంత తెలివి ఉండీ వెళ్లలేకపోయినవాళ్లనూ అంతే దగ్గరగా చూశాను.

పాప ప్రశ్నకు జవాబు ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఆ పోస్టుకు పరీక్ష లేదు. నోటిఫికేషన్ రాదు, దరఖాస్తు ఫారం ఉండదు. మన పేరు వేరేవాళ్లు రాయాలి. రాజ్యాంగం 217వ అధికరణం అడిగే అర్హతలు చాలా తక్కువ. భారత పౌరులై ఉండాలి. పదేళ్లు న్యాయాధికారిగా పని చేసి ఉండాలి, లేదా పదేళ్లు హైకోర్టు అడ్వకేటుగా ఉండాలి. 62 ఏళ్లకు రిటైర్‌మెంట్. కనీస వయసు అనేది రాజ్యాంగంలో లేదు. అర్హత ఉన్నవాళ్లు రాష్ట్రంలో వేలమంది ఉంటారు. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు మంజూరైన జడ్జి పోస్టులు మాత్రం 37. ఆ వేలమందిలో మన పేరు ఎవరికి, ఎందుకు తడుతుంది అన్నదే అసలు సంగతి.

దారులు రెండు. కింది కోర్టులో జడ్జిగా చేరి మెట్లెక్కుతూ పోవడం ఒకటి, వకీలుగా పేరు తెచ్చుకుని నేరుగా వెళ్లడం రెండోది. వాడుకలో మూడింట రెండు వంతులు బార్ నుంచి, అంటే వకీళ్ల నుంచి, ఒక వంతు సర్వీసు నుంచి, అంటే కింది కోర్టు జడ్జీల నుంచి తీసుకుంటారు. ఏ దారైనా మొదటి నాలుగైదేళ్లు ఒకటే.

చదువు గురించి ఎక్కువ చెప్పను. ఇంటర్ తర్వాతైతే ఐదేళ్ల కోర్సు, డిగ్రీ తర్వాతైతే మూడేళ్లది. లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాస్తే తిరుపతిలోనే ఎస్వీ యూనివర్సిటీ ఉంది, మహిళా యూనివర్సిటీ ఉంది. పెద్ద పేరున్న కాలేజీలో సీటు రాలేదని బాధపడుతూ కూర్చోవద్దు. సివిల్ ప్రొసీజర్ కోడ్, సాక్ష్య చట్టం, క్రిమినల్ ప్రొసీజర్, ఈ మూడూ పుస్తకం మూసేసి చెప్పగలిగేలా చదవాలి. 2024 జూలై 1 నుంచి ఐపీసీ, సీఆర్పీసీ, పాత సాక్ష్య చట్టం పోయి కొత్తవి వచ్చాయి. అయినా అంతకు ముందు జరిగిన నేరాల కేసులు పాత సెక్షన్ల మీదే నడుస్తున్నాయి కాబట్టి రెండు నంబర్లూ గుర్తుండాలి.

డిగ్రీ చేతికి రాగానే, వకీళ్ల పేర్లు నమోదు చేసే బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ కావాలి. దీనికి ఒకప్పుడు వేలకు వేలు కట్టించుకునేవారు. అడ్వకేట్స్ చట్టంలో ఉన్న 750 రూపాయలకు, ఎస్సీ ఎస్టీలకైతే 125 రూపాయలకు మించి తీసుకోకూడదని సుప్రీంకోర్టు 2024 జూలైలో తీర్పు ఇచ్చింది. కూలి చేసుకునే ఇంటి పిల్లలకు అది చాలా పెద్ద మేలు. ఆ తర్వాత ఆలిండియా బార్ పరీక్ష కూడా పాస్ కావాలి.

అక్కడి నుంచి మూడేళ్లు. నన్నడిగితే జడ్జి తయారయ్యేది ఈ మూడేళ్లలోనే. 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే ముందు మూడేళ్లు ప్రాక్టీసు చేసి ఉండాలి. పదేళ్ల అనుభవం ఉన్న వకీలు సర్టిఫికెట్ ఇస్తే, దాని మీద అక్కడి న్యాయాధికారి సంతకం పెట్టాలి. చాలామంది పిల్లలకు ఇది విన్నప్పుడు టెన్షన్ పట్టుకుంది. మా పాప కూడా ముఖం చిన్నబుచ్చుకుంది. కానీ కాలేజీ నుంచి నేరుగా సీట్లో కూర్చున్న ఆఫీసర్ల దగ్గర కూడా పని చేశాను నేను. చట్టం వాళ్లకు నోటికి వచ్చు. కానీ ఎదురుగా నిలబడ్డ సాక్షి భయపడి తడబడుతున్నాడా, అబద్ధం చెబుతూ తడబడుతున్నాడా అన్నది తెలియడానికి వాళ్లకు రెండు మూడేళ్లు పట్టింది. ఆ రెండు మూడేళ్లలో తీర్పులు వచ్చినవాళ్ల సంగతి ఏమిటి?

కాబట్టి సర్టిఫికెట్ కోసం సీనియర్ ఆఫీసులో పేరు రాయించుకుని, ఇంట్లో కూర్చుని గైడ్లు చదవొద్దు. రోజూ కోర్టుకు వెళ్లాలి. నోటీసుతో మొదలుపెట్టి డిక్రీ అమలు దాకా ఒక్క సివిల్ దావానైనా మొత్తం చూడాలి. అడంగల్, 1బి లాంటి భూమి రికార్డులు, పొలం కొలతల ఎఫ్‌ఎంబీ స్కెచ్ చదవడం రావాలి. మన జిల్లాలో సగం తగాదాలు బోరు, దారి, గట్టు దగ్గరే పుడతాయి. నగరి, సత్యవేడు వైపు పాత పత్రాలు తమిళంలో ఉంటాయి, సాక్షులు కూడా తమిళమే మాట్లాడతారు. కొంచెం తమిళం నేర్చుకుంటే మంచిది. సాయంత్రం సీనియర్ గుమాస్తా పక్కన కూర్చుని కేసు కట్టలు ఎలా కడతాడో చూసినా బోలెడు పని వస్తుంది.

ఇక్కడ ఒక సంగతి వివరంగా చెప్పాలి.

చిత్తూరులో సెషన్స్ కోర్టులో ఒక హత్య కేసు. చనిపోయినవాడి తల్లి సాక్షి. డెబ్బై దాటి ఉంటుంది. బోను కమ్మీ పట్టుకుని నిలబడి, "పొద్దుగూకే యాళకి ఆయప్ప మా కయ్యకొచ్చినాడు సామీ" అంది. జడ్జి గారిది గోదావరి ప్రాంతం. సాక్షి తెలుగులో చెబుతుంటే ఆయన ఇంగ్లీషులో డిక్టేట్ చేస్తారు, నేను షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుంటాను. ముద్దాయి గొడవ పెట్టుకోవడానికి వచ్చాడు అన్న అర్థంలో ఆయన చెప్పేశారు. కోస్తాలో కయ్యం అంటే గొడవ కదా. మాకు కయ్య అంటే వరి మడి. నాది పుత్తూరు పక్క పల్లె. నా పెన్సిల్ ఆగిపోయింది.

స్టెనో కోర్టు హాల్లో నోరు తెరవకూడదు. నేను తెరవలేదు. కానీ పెన్సిల్ ఆగడం ఆయన చూశారు. వంగి మెల్లగా "ఏమిటి?" అన్నారు. "సార్, కయ్య అంటే ఇక్కడ పొలం" అన్నాను. ఆయన నా మాట తీసుకుని అప్పటికప్పుడే దిద్దేసి ముందుకు పోవచ్చు. పోలేదు. రెండు పక్షాల వకీళ్లనూ చూసి, మళ్లీ ఆ తల్లినే అడిగారు: "అమ్మా, కయ్య అంటే ఏమిటి?" ఆమె ఆశ్చర్యపోయి, "వరి నాటే మడి సామీ, ఇంగేముంది" అంది. అప్పుడు కయ్య అన్న మాట ఉన్నదున్నట్టు పెట్టించి, పక్కన వరి మడి అని సాక్షి వివరించినట్టు రాయించారు. అంతకు ముందు చెప్పిన వాక్యం కొట్టించి, పక్కన పొట్టి సంతకం చేశారు.

హత్య కేసులో ముద్దాయి పొలానికి వచ్చాడు అన్నదానికీ, గొడవకు వచ్చాడు అన్నదానికీ ఎంత తేడా ఉందో ఆలోచించండి. శిక్ష పడింది, అప్పీలు హైకోర్టుకు వెళ్లింది. అప్పట్లో హైకోర్టు హైదరాబాద్‌లో ఉండేది. చిత్తూరులో వెంకటాద్రి ఎక్కి కాచిగూడలో దిగి వెళ్లేవాళ్లం. ఆ తల్లి అంత దూరం వెళ్లదు, వెళ్లినా అక్కడ ఎవరూ ఆమెను అడగరు. హైకోర్టులో జడ్జీల ముందు ఉండేది ఆ రోజు మేము టైపు చేసిన కాగితం ఒక్కటే.

ఆ సాయంత్రం ఆయన ఒక చిన్న నోటుబుక్ తెప్పించుకున్నారు. కయ్య, గెనిమ, బోకులు అంటూ మన వైపు మాటలు నన్నడిగి రాసుకున్నారు. చిత్తూరు నుంచి ట్రాన్స్‌ఫర్ అయ్యేటప్పటికి ఆ పుస్తకం సగం పైగా నిండింది. ఇందాక హైకోర్టు దాకా వెళ్లారని చెప్పిన ఆఫీసర్ ఆయనే.

పాపకు నేను మళ్లీ మళ్లీ చెప్పింది ఇదే. రేపు నీ పేరు రాయాల్సిన పెద్దవాళ్లు నిన్ను చూసి ఉండరు. నువ్వు రాసిన కాగితాన్ని చూసి ఉంటారు. జడ్జివైతే నీ తీర్పులు, వకీలువైతే నీ అఫిడవిట్లు, నీ వాదన నమోదైన తీర్పులు. కాగితం పైకి పోతూనే ఉంటుంది.

ఇప్పుడు సర్వీసు దారి. మూడేళ్ల ప్రాక్టీసు తర్వాత హైకోర్టు ఇచ్చే నోటిఫికేషన్‌కు సివిల్ జడ్జి, జూనియర్ డివిజన్ పరీక్ష రాయాలి. జనం ఇప్పటికీ మున్సిఫ్ కోర్టు అనే అంటారు. ముందు ఆబ్జెక్టివ్ స్క్రీనింగ్, తర్వాత రాతపరీక్ష, ఆ తర్వాత ఇంటర్వ్యూ. రాతపరీక్షలో సివిల్ పేపరు, క్రిమినల్ పేపరు, ఇంగ్లీషు పేపరు ఉంటాయి. ఇంగ్లీషు పేపర్లో అనువాదం ఉంటుంది. మన పిల్లలు దాన్ని తేలిగ్గా తీసుకుని మార్కులు పోగొట్టుకుంటారు. రోజూ దినపత్రికలో ఒక పేరా తెలుగులోంచి ఇంగ్లీషులోకి, ఒకటి ఇంగ్లీషులోంచి తెలుగులోకి రాస్తే ఏడాదిలో చేయి తిరుగుతుంది. నోటిఫికేషన్ వచ్చిన ప్రతిసారీ రూల్స్ మొదటి నుంచి చదువుకోవాలి, పోయిన ఏడాది కాగితం నమ్ముకోకూడదు. మొదటి జీతం మూలవేతనం 77,840 రూపాయలు.

అక్కడి నుంచి సీనియర్ సివిల్ జడ్జి, అంటే సబ్ కోర్టు, తర్వాత జిల్లా జడ్జి. జిల్లా జడ్జి పోస్టుల్లో సగం ప్రమోషన్‌తో నిండుతాయి. పావు వంతు, సర్వీసులో ఉన్నవాళ్లు పోటీ పరీక్ష రాసి తెచ్చుకునేవి. ఇదివరకు ఇది పది శాతమే. 2025 మే తీర్పుతోనే 25 శాతానికి పెంచారు. మిగతా పావు వంతు నేరుగా తీసుకునేవి.

ఇక్కడ వయసు లెక్క వేసుకోవాలి. 27 ఏళ్లకు జూనియర్ సివిల్ జడ్జిగా చేరారనుకోండి. ప్రమోషన్ వచ్చినప్పుడే వస్తుందిలే అని కూర్చుంటే జిల్లా జడ్జి అయ్యేసరికి నలభైలు దాటిపోతాయి. హైకోర్టుకు పేర్లు చూసేటప్పుడు జిల్లా జడ్జీల సీనియారిటీ చూస్తారు. అక్కడ పైకి వచ్చేసరికి యాభై ఐదు దాటుతుంది. 62కి రిటైర్‌మెంట్. మంచి ఆఫీసర్లు ఎందరో ఈ లెక్క దగ్గరే ఆగిపోయారు, వాళ్ల తప్పేమీ లేకుండా. అందుకే పోటీ పరీక్ష దారిని వదలొద్దని చెబుతాను. అర్హత వచ్చిన మొదటి ఏడాదే రాయాలి. ఏడేళ్ల ప్రాక్టీసు ఉన్న వకీళ్లు నేరుగా జిల్లా జడ్జి పరీక్ష రాయొచ్చు. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, వకీలుగా, న్యాయాధికారిగా కలిపి ఏడేళ్లు ఉన్న సర్వీసువాళ్లు కూడా ఆ పరీక్ష రాయొచ్చని చెప్పింది. 35 ఏళ్లు నిండి ఉండాలి. 36కే జిల్లా జడ్జి అయినవాళ్లకు ముందు బోలెడు కాలం ఉంటుంది.

సర్వీసులో చేరాక పేరు చెడేది ఎక్కువగా ఆలస్యం వల్లే. వాదనలు పూర్తయ్యాక 30 రోజుల్లో, ఎంత కష్టమైనా 60 రోజుల్లో తీర్పు చెప్పాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 20వ ఆర్డర్‌లో ఉంది. ఒక ఆఫీసర్ ఉండేవారు, చట్టంలో ఆయన్ని మించినవాళ్లను నేను చూడలేదు. కానీ తీర్పు ఇంకా బాగా రాయాలి, ఇంకో రెండు కేసులు చూడాలి అంటూ పక్కన పెట్టేవారు. అలా వాదనలు విన్న ఫైళ్లు బీరువాలో రెండు అరలు నిండాయి. కక్షిదారులు వాయిదా వాయిదాకూ వచ్చి, తీర్పు లేదని విని బస్సెక్కి వెళ్లిపోయేవాళ్లు. పలమనేరు నుంచి వచ్చే ఒక రైతు, "చెప్పేదేదో చెప్పేయమనండి సార్, ఓడిపోయినా పర్వాలేదు, తిరగలేకపోతున్నా" అని నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ ఆఫీసర్ ఏటేటా వచ్చే రహస్య నివేదికలో ఆ మాట ఎక్కింది. హైకోర్టు పేర్లలో ఆయన పేరు రాలేదు.

బార్ దారి వేరు. చట్టం ప్రకారం జిల్లా కోర్టు వకీలుకూ అర్హత ఉంది. కానీ పేరు రాసే జడ్జీలు రోజూ చూసేది తమ ముందు వాదించేవాళ్లనే. అందుకే తిరుపతిలో మూడు నాలుగేళ్లు ట్రయల్ పని నేర్చుకుని, ఆ తర్వాత హైకోర్టుకు మారాలి. 2019 జనవరి 1న మన రాష్ట్రానికి వేరే హైకోర్టు వచ్చింది, ఇప్పుడది అమరావతిలో, నేలపాడు దగ్గర ఉంది. విజయవాడలోనో మంగళగిరిలోనో గది తీసుకుని ఉండాలి. మొదటి కొన్నేళ్లు ఇంటి నుంచి డబ్బు తెచ్చుకోవాల్సి రావచ్చు. ఈ మాట పాప వాళ్లమ్మకు ముందే చెప్పాను, తర్వాత గొడవ పడకూడదని.

ఈ దారిలో వెళ్లేవాళ్లు మొదటి ఏడాది నుంచే రెండు పనులు చేయాలి. ఒకటి, ఇన్‌కం టాక్స్ రిటర్న్ సరిగ్గా వేయడం. పేరు పైకి వెళ్లేటప్పుడు గత ఐదేళ్ల వృత్తి ఆదాయం ఫైల్లో పెడతారు. ఫీజు నగదుగా తీసుకుని లెక్కలో చూపించకపోతే అక్కడ పట్టుబడతారు. రెండు, వాదించిన కేసుల తీర్పులు ఎప్పటికప్పుడు దాచుకోవడం. ప్రచురితమైన తీర్పుల్లో మీ పేరు ఉండాలి. సీనియర్ కేసులో మీరు రాత్రంతా కష్టపడి ఉంటే, హాజరైన వకీళ్ల పేర్లలో మీది కూడా చేర్చమని మర్యాదగా అడగండి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ప్రభుత్వ ప్లీడరు పదవి, టీటీడీ లాంటి సంస్థల తరఫున వాదించే స్టాండింగ్ కౌన్సిల్ పదవి వస్తే రకరకాల రిట్లు వాదించే అవకాశం దొరుకుతుంది. లీగల్ ఎయిడ్ ప్యానెల్లో పేదల క్రిమినల్ అప్పీళ్లు చేస్తే బెంచి మీద ఉన్నవాళ్లు తప్పకుండా గుర్తుపెట్టుకుంటారు.

ఎన్నేళ్లు పడుతుంది? అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరం నుంచి వచ్చిన జస్టిస్ ఎన్.వి. రమణ 1983లో వకీలుగా ఎన్‌రోల్ అయ్యారు, 2000లో హైకోర్టు జడ్జి అయ్యారు. అంటే 17 ఏళ్లు. తర్వాత భారత ప్రధాన న్యాయమూర్తి దాకా వెళ్లారు. పాపకు ఇంకో పేరు కూడా చెప్పాను: జస్టిస్ కె. అమరేశ్వరి. 1978లో మన హైకోర్టుకు మొదటి మహిళా జడ్జి ఆవిడే. అప్పట్లో మా ఊళ్లో ఆడపిల్లను పదో తరగతి దాటించడమే గగనం.

పేరు ఎలా కదులుతుందో కూడా తెలిసి ఉండాలి. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి, ఆయన తర్వాత ఇద్దరు సీనియర్ జడ్జీలు కూర్చుని పేర్లు రాస్తారు. దీన్నే కొలీజియం అంటారు. సర్వీసువాళ్లయితే వాళ్ల తీర్పులను తెప్పించి చదివి మార్కులు వేస్తారు. ఆ పేర్లు ముఖ్యమంత్రి, గవర్నర్ అభిప్రాయం తీసుకుని ఢిల్లీలో న్యాయశాఖకు వెళ్తాయి. ఐబీ, అంటే కేంద్ర నిఘా సంస్థ వాళ్లు విచారిస్తారు. తర్వాత సుప్రీంకోర్టులో ప్రధాన న్యాయమూర్తి, ఇద్దరు సీనియర్ జడ్జీలు చూస్తారు. వాళ్లు సరేనంటే ప్రభుత్వం నుంచి రాష్ట్రపతి సంతకానికి పోతుంది. ఎక్కడైనా నెలలు, ఏళ్లు ఆగొచ్చు, ఎందుకు ఆగిందో మనకు చెప్పరు. దీని బదులు కమిషన్ పెట్టాలని పార్లమెంటు చట్టం చేస్తే 2015లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ ధర్మాసనంలో ఒక్కరే భిన్నంగా తీర్పు రాశారు, మన తెలుగువారు జస్టిస్ చలమేశ్వర్. కొలీజియం తలుపులు మూసుకుని పని చేస్తోందన్న ఆయన బాధ నాకు న్యాయంగానే తోస్తుంది. 2017 అక్టోబరు నుంచి సుప్రీంకోర్టు కొలీజియం తీర్మానాలను వెబ్‌సైట్‌లో పెట్టడం మొదలైంది. వాటిని తప్పకుండా చదవండి. కొన్నింట్లో ఒక వకీలు పేరును ఏం చూసి ఒప్పుకున్నారో, ఆదాయం గురించి, తీర్పుల గురించి ఏం రాశారో తెలుస్తుంది.

ఐబీ విచారణ అంటే ఏదో పెద్దది అనుకుంటారు. మీ వీధిలో, మీ బార్‌లో మీ గురించి నలుగురు ఏమనుకుంటున్నారో అడుగుతారు. తిరుపతిలో పని చేసే ఆఫీసర్లకు వేరే ఊళ్లలో లేని పరీక్ష ఒకటుంది, దర్శనం. బ్రేక్ దర్శనం చేయించండని, లెటర్ ఇప్పించండని రోజుకు పది ఫోన్లు వస్తాయి. అడిగేవాళ్లలో చుట్టాలుంటారు, వకీళ్లుంటారు, వకీళ్ల వెనక కక్షిదారులుంటారు. దేవుడి పని కదా, తప్పేముంది అనిపిస్తుంది. ఒక మేడమ్ వచ్చిన మొదటి వారంలోనే మమ్మల్నందరినీ పిలిచి, "దర్శనం అని ఎవరు అడిగినా నా పేరు చెప్పి లేదనండి" అన్నారు. తన సొంత అన్న కుటుంబం వస్తే మూడు వందల టికెట్ కొనుక్కుని క్యూలో వెళ్లారు. ఏడాది తిరక్కుండానే బార్‌లో ఆవిడ మీద గౌరవం పెరిగింది, తీర్పు వ్యతిరేకంగా వచ్చినవాళ్లు కూడా పల్లెత్తు మాట అనేవాళ్లు కారు. 1997 మే 7న సుప్రీంకోర్టు జడ్జీలు తమకు తాము రాసుకున్న 16 నియమాల పత్రం ఒకటుంది. రెండు పేజీలే. ప్రింట్ తీసి బల్ల అద్దం కింద పెట్టుకోండి.

పేరు ఖరారైతే చాలాసార్లు ముందు అదనపు జడ్జిగా, రెండేళ్లకు మించకుండా వేస్తారు, ఆ తర్వాత పర్మనెంట్ చేస్తారు. ఏ రాష్ట్రానికైనా బదిలీ చేయొచ్చు. జీతం నెలకు రెండు లక్షల ఇరవై ఐదు వేలు. పర్మనెంట్ జడ్జిగా చేసిన హైకోర్టులో రిటైరయ్యాక ప్రాక్టీసు చేయకూడదు.

పాపకు వచ్చే నెల నుంచి కాలేజీ సెలవులు. రోజూ తిరుపతి కోర్టు హాల్లో వెనక బెంచీలో కూర్చుని, సాక్షి తెలుగులో ఏమన్నాడో ఒక పక్క, జడ్జి గారు ఇంగ్లీషులో ఏం రాయించారో ఇంకో పక్క నోటుబుక్‌లో రాసుకురమ్మన్నాను. సాయంత్రం ఇద్దరం కూర్చుని చూస్తాం. కేసులు పిలిచే కాల్ వర్క్ పదిన్నరకు మొదలవుతుంది, పదికే వెళ్తే బెంచీ దొరుకుతుంది.